సిస్టం సందేహాలు: డబ్బా పాతదే, లోపల ఏం మార్చాలి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటి నుంచి ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల్లో సగం ఒకటే అడుగుతున్నాయి: పాత డెస్క్‌టాప్‌ని పారేయాలా, బాగు చేసుకోవాలా? విశాఖపట్నం నుంచి వచ్చినవి ఈసారి ఒకచోట చేర్చాం. జవాబుల్లో పదేపదే వచ్చే లెక్క ఒకటి ముందే చెప్పేస్తాం. ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవ్), ఎస్‌ఎంపీఎస్ (సిస్టం లోపలికి కరెంటు అందించే డబ్బా), మంచి క్యాబినెట్, మానిటర్ రేపు మదర్‌బోర్డు మార్చినా వెంట వస్తాయి. ప్రాసెసర్, ర్యామ్ మాత్రం చాలాసార్లు బోర్డుతోనే పోతాయి. కాబట్టి పాత బోర్డు మీద ఖర్చు పెట్టేటప్పుడు మొదటి రకం వైపే మొగ్గండి.

ప్రశ్న: 2013లో కొన్న అసెంబుల్డ్ సిస్టం. మూడో తరం ఐ3, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. స్విచ్ వేసి కాఫీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. రెండుసార్లు ఫార్మాట్ కొట్టించాం. ర్యామ్ పెంచితే చాలని దుకాణం అబ్బాయి అంటున్నాడు. విండోస్ 11 వేయించుకోవచ్చా?
- విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు రోగం ఎక్కడుందో చూడండి. సిస్టం ఆన్ అయిన వెంటనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ చూడండి. మీరు చెప్పిన లక్షణాలకు డిస్క్ గీత 100 శాతం దగ్గర అతుక్కుపోయి, ప్రాసెసర్ 20, 30 శాతం దగ్గర ఖాళీగా కూర్చుని ఉంటుంది. హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం, కదిలే ముల్లు ఉంటాయి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వంద, నూటయాభైకి మించి వెతికి తేలేదు. ఎస్‌ఎస్‌డీ అదే పని వేలల్లో చేస్తుంది. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టించినా ముల్లు వేగం పెరగదు.

కాబట్టి మొదటి ఖర్చు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. సాటా అంటే డిస్క్‌ని బోర్డుకు కలిపే కేబుల్ దారి. 240 లేదా 256 జీబీది మీకు చాలు. హెచ్61లో ఉన్నది పాత సాటా, సెకనుకు 3 గిగాబిట్లే. పెట్టె మీద 550 ఎంబీ అని రాసి ఉన్నా మీకు వచ్చేది 280 దాకానే. దాని గురించి దిగులు పడకండి, రోజువారీ పనిలో తేడా తెచ్చేది ఆ అంకె కాదు.

ఎస్‌ఎస్‌డీ బిగించగానే, విండోస్ వేయకముందే, బయాస్‌లో (విండోస్ కంటే ముందే లేచే బోర్డు సొంత ప్రోగ్రాం) సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో చూడండి. ఆ కాలపు బోర్డులు చాలా వాటిలో ఐడీఈ అని పెట్టి వదిలేసేవారు. విండోస్ వేశాక దాన్ని మారిస్తే నీలి తెర వస్తుంది. కొత్తగా వేయకుండా పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయించుకునేటట్టయితే రెండు జాగ్రత్తలు. డిస్క్‌లో వాడిన చోటు ఎస్‌ఎస్‌డీ పరిమాణం కంటే తక్కువ ఉండాలి కాబట్టి ఫొటోలు, సినిమాలు ముందు బయటికి తీసేయండి. కాపీ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేయండి. లేకపోతే సిస్టం మళ్లీ పాత డిస్క్ నుంచే లేస్తుంది, ఎస్‌ఎస్‌డీ వేయించినా ఏమీ మారలేదని మీరు దుకాణం మీదికి వెళతారు.

ర్యామ్ కూడా అవసరమే, కానీ రెండో మెట్టు. మీ బోర్డుకు స్లాట్లు రెండే, పట్టేది డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్. ఇది ఏ కొత్త బోర్డులోనూ పట్టదు. అందుకే కొత్తది కొనకుండా సెకండ్‌హ్యాండ్ 4 జీబీ కర్ర ఒకటి వేసి 8 జీబీ చేసుకోండి. వేశాక కూడా 3.25 జీబీయే చూపిస్తోందంటే లోపం ర్యామ్‌ది కాదు, మీది 32 బిట్ విండోస్.

ఇక విండోస్ 11. అధికారికంగా దానికి ఇంటెల్ 8వ తరం, టీపీఎం 2.0 (తాళాలు దాచే భద్రతా చిప్) ఉండాలి. మూడో తరంలో దొంగదారిన వేసేవాళ్లు ఉన్నారు, నడుస్తుంది కూడా. కానీ ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ దానంతటది రాదు, ప్రతిసారీ ఎవరినో బతిమాలుకోవాలి. బ్యాంకు పనులు చేసే సిస్టంకి మేం సలహా ఇవ్వం. విండోస్ 10కే పొడిగింపు పథకంలో చేరితే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. ఆ తర్వాతికి లినక్స్ మింట్ చూడండి. బ్రౌజర్, మెయిల్, ప్రింటు, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ టైపింగ్ అన్నీ అందులో ఉన్నాయి, 8 జీబీ ధారాళంగా సరిపోతుంది.

ప్రశ్న: మా ఇల్లు బీచ్‌కి రెండు వీధుల అవతల. వర్షాకాలం వచ్చిందంటే సిస్టం ఒక పట్టాన ఆన్ కాదు. బీప్, బీప్ అంటుంది. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెడితే మళ్లీ నెల రోజులు బాగుంటుంది. క్యాబినెట్ స్క్రూలు తుప్పు పట్టేశాయి. కొత్తది కొన్నా ఇంతేనా?
- గృహిణి, లాసన్స్ బే కాలనీ

జవాబు: జాగ్రత్త పడకపోతే కొత్తదానికీ ఇదే గతి. ఉప్పుగాలి ఎలా పనిచేస్తుందో తెలిస్తే జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి.

గాలిలోని ఉప్పు కణాలు దుమ్ముతో కలిసి బోర్డు మీద పేరుకుంటాయి. పొడిగా ఉన్నంతసేపు వాటితో పేచీ లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తానే కరుగుతుంది. వర్షాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో ఇదీ అంతే. అలా కరిగిన పొర మీదుగా కరెంటు లీకవుతుంది, లోహం తుప్పు పడుతుంది. సిస్టం నడుస్తున్నప్పుడు లోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి ఈ పొర ఆరిపోతుంది. అంటే రోజూ వాడే సిస్టం కంటే, పిల్లలు సెలవులకు వచ్చినప్పుడే తెరిచే సిస్టమే త్వరగా పాడవుతుంది. వానాకాలంలో పని లేకపోయినా రెండు రోజులకోసారి గంటసేపు నడపండి.

శుభ్రం చేయడం మూడు నెలలకోసారి. ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన చార్జి దిగిపోతుంది. పక్క తలుపు తీసి, మెత్తటి పెయింటు బ్రష్‌తో దుమ్ము లేపుతూ బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి అది హద్దు మీరి తిరిగితే బేరింగు అరుగుతుంది. ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం బయటినుంచే ఊదండి, విప్పకండి. దాని లోపలి పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీసినా కొంతసేపు 300 వోల్టులకు పైగా పట్టి ఉంచుతుంది.

రబ్బరు సంగతి. ర్యామ్ కాళ్ల మీద ఉన్నది పలచటి బంగారు పూత. రబ్బరు రుద్దితే మురికితోపాటు ఆ పూత కూడా కొంచెం కొంచెంగా పోతుంది. నెలకోసారి రుద్దుతున్నారంటే పూత పోయిన చోట తుప్పు ఇంకా తొందరగా వస్తుంది, మళ్లీ రుద్దుతారు. ఆ తిప్పలకు అంతుండదు. రబ్బరు బదులు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. పోగులు రాలని గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి, కాళ్లను పైనుంచి కిందికి ఒకే దిశలో తుడవండి. స్లాట్‌లో ముందు బ్రష్, తర్వాత గాలి. రెండు నిమిషాలు ఆరనిచ్చి, రెండు వైపులా క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి. మందుల షాపులో ఇచ్చే స్పిరిట్‌లో నీళ్లు ఎక్కువ, దానితో వద్దు. తుప్పు వదలగొట్టే నూనె స్ప్రే అసలే వద్దు, దుమ్ము దానికి జిగురులా అంటుకుంటుంది.

సిలికా జెల్ పొట్లాలు లోపల పడేయమని కొందరు చెబుతారు. గాలి ఆడే పెట్టెలో ఆ పొట్లం ఎంత తేమని పీలుస్తుంది? ఒకటి రెండు రోజుల్లో నిండిపోయి ఊరికే కూర్చుంటుంది.

సిస్టంని సముద్రం వైపు కిటికీకి దూరంగా, నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. కొత్త క్యాబినెట్ కొంటే ముందు వైపు కడిగి ఆరేసుకునే జాలీ ఉన్నది చూడండి. లోపలికి ఊదే ఫ్యాన్లు రెండు, బయటికి ఊదేది ఒకటి పెడితే సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు. వెనకవైపు వాడని స్లాట్ల రేకులు ఊడిపోయి ఉంటే బిగించండి. అల్యూమినియం రెక్కల మీద తెల్లటి పొడి, రాగి గొట్టాల మీద పచ్చటి మరక కనిపిస్తే ఉప్పు పని మొదలుపెట్టిందని గుర్తు.

ప్రశ్న: ఐ5-6400, హెచ్110 బోర్డు, 8 జీబీ. క్యాబినెట్‌తోపాటు వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉంది. గేములకు సెకండ్‌హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060 బేరం కుదిరింది. 8 పిన్నుల వైరు లేదంటే కన్వర్టర్ ఇస్తామన్నారు. కొనేయమంటారా?
- ఐటీఐ విద్యార్థి, గాజువాక

జవాబు: ఆ కన్వర్టర్ మాట విన్నాక ఆగాల్సిందే. ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన స్టిక్కర్ చదవండి. పెద్ద అక్షరాల 450 వదిలేసి, +12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి 12తో గుణించండి. 16 ఆంపియర్లయితే 192 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఈ గీత నుంచే. మీ ప్రాసెసర్ 65 వాట్లు, 3060 కార్డు 170 వాట్లు. ఇక్కడికే 235 అయింది, ఫ్యాన్లు, డిస్కులు ఇంకా లెక్కలోకి రాలేదు. పైగా కార్డుకు స్లాట్ ఇచ్చేది 75 వాట్లు, 8 పిన్నుల వైరు ఇవ్వాల్సింది 150. ఆ భారాన్ని హార్డ్ డిస్కుల కోసం పెట్టిన సన్న వైరు మీద కన్వర్టర్‌తో వేస్తే, ముందు ప్లాస్టిక్ మూతి పసుపు రంగులోకి తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది.

మీకు దారులు రెండు. ఇదే సిస్టం ఇంకో ఏడాది రెండేళ్లు లాగాలంటే వైరు అక్కర్లేని కార్డు చూడండి. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం 70 వాట్లే, స్లాట్ నుంచే నడుస్తుంది. జీటీఎక్స్ 1650లో కూడా అలాంటివి ఉన్నాయి, కాకపోతే కొన్నింటికి 6 పిన్నులు అడుగుతారు, ఫొటోలో చూసుకోండి. ఆర్‌ఎక్స్ 6400 అగ్గువకు వస్తుంది గానీ దానికి లేన్లు (డేటా పారే దారులు) నాలుగే, మీ పాత స్లాట్‌లో వేగం తగ్గుతుంది.

లేదు, 3060 స్థాయికే వెళ్లాలంటే ముందు పేరున్న కంపెనీ 550 లేదా 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్, కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది కొనండి. అది తర్వాతి బోర్డుకూ పనికొస్తుంది. కానీ నిజం చెప్పాలంటే మీ ఐ5కి నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు, అంటే ఒకేసారి నాలుగు పనులే. కార్డు సగం ఖాళీగా ఉండగా ప్రాసెసర్ రొప్పుతుంది, గేమ్ ఉండుండి ఆగి దూకుతుంది. మా ఓటు మొదటి దారికే.

ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంటే అది ఇచ్చేది దాదాపు 360 వాట్లు. గేమ్ ఆడుతున్నప్పుడు కరెంటు పోతే పెద్ద కార్డున్న సిస్టం దాన్ని కూడా పడగొట్టవచ్చు.

సెకండ్‌హ్యాండ్ కార్డు ఏదైనా డబ్బు ఇచ్చేముందు అరగంట గేమ్ గానీ స్ట్రెస్ టెస్ట్ గానీ నడిపించి చూడండి. తెర మీద రంగురంగుల చుక్కలు, గళ్లు వచ్చాయంటే దాని మెమరీ పోతోంది. తర్వాత మానిటర్ కేబుల్. 10 సిరీస్ నుంచి ఎన్‌విడియా కార్డుల్లో అనలాగ్ సిగ్నల్ లేదు. మీది అనలాగ్‌తో నడిచే పాత వీజీఏ మానిటర్ అయితే లోపల చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టరే కావాలి, ఉత్త పిన్నులు మార్చే ముక్క పనిచేయదు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ బీ450 బోర్డు, కొత్త రైజెన్ 5 5600, 16 జీబీ డీడీఆర్4 తెచ్చి సొంతంగా బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు. ప్రాసెసర్ పోయిందంటారా?
- బీటెక్ విద్యార్థి, మధురవాడ

జవాబు: ప్రాసెసర్ పోవడం చాలా అరుదు. చివరగా అనుమానించాల్సినదాన్ని మీరు మొదట అనుమానిస్తున్నారు. ఈ వరసలో వెళ్లండి.

5600లో గ్రాఫిక్స్ లేదు. రైజెన్ 5000 వరకు పేరు చివర జీ ఉన్నవాటిలోనే ఉంటుంది. కార్డు పెట్టకుండా బోర్డు వెనక హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలిస్తే ఎన్ని గంటలు కూర్చున్నా నల్ల తెరే. కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టారా చూడండి, ఈ పొరపాటు అనుభవం ఉన్నవాళ్లూ చేస్తారు.

బోర్డు పైమూల, ప్రాసెసర్ పక్కన 8 పిన్నుల సాకెట్‌లో వైరు ఉందా? 24 పిన్నులది ఒక్కటే పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, ప్రాసెసర్‌కు మాత్రం కరెంటు అందదు. గ్రాఫిక్స్ కార్డు వైరు కూడా 8 పిన్నులే, కానీ అది 6, 2గా విడిపోతుంది. ప్రాసెసర్‌ది 4, 4గా విడిపోతుంది. బలవంతంగా ఒకదానిలో ఒకటి దూర్చకండి.

ర్యామ్ ఒక్క కర్రే ఉంచి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో పెట్టండి. రెండు కర్రలైతే 2, 4 స్లాట్లు. పక్కపక్కన పెడితే కొన్ని బోర్డులు లేస్తాయి గానీ రెండూ ఒకే చానల్‌లో పడి వేగం సగమవుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అనుమానం బయాస్ మీదికి పోతుంది. బీ450 బోర్డులు 2018లో వచ్చాయి, 5600 వచ్చింది 2022లో. బోర్డు మీద పాత బయాస్ ఉంటే ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే అదృష్టవంతులు. కంపెనీ సైటు నుంచి ఫైలు దింపి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వాళ్లు చెప్పిన పేరుతో పెట్టి, గుర్తున్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చి బటన్ నొక్కితే ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ అవుతుంది. బటన్ లేకపోతే రైజెన్ 2000 రకం ప్రాసెసర్ ఒకటి అరువు తెచ్చి వేసి అప్‌డేట్ చేయాలి. ద్వారకానగర్‌లో అసెంబ్లింగ్ చేసే దుకాణాల్లో అడిగి చూడండి. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు, యూపీఎస్ మీద పెట్టి చేయించండి.

అప్పటికీ రాకపోతే బోర్డుని క్యాబినెట్ నుంచి బయటికి తీసి దాని అట్టపెట్టె మీదే పరిచి చూడండి. ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, కార్డు, ఎస్‌ఎంపీఎస్ తప్ప ఇంకేదీ వద్దు. పవర్ స్విచ్ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకిస్తే ఆన్ అవుతుంది. పెట్టె మీద డిస్‌ప్లే వచ్చి క్యాబినెట్‌లో రాలేదంటే దోషి దొరికినట్టే. పాత బోర్డు కోసం బిగించిన ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాలు) ఒకటి కొత్త బోర్డుకు రంధ్రం లేని చోట వెనకనుంచి తాకి షార్ట్ చేస్తోంది.

కూలర్ విప్పేటప్పుడు తొందర వద్దు. మీది ఏఎం4 సాకెట్ రకం, ఆ ప్రాసెసర్‌కు అడుగున 1331 పిన్నులు ఉంటాయి, లీవర్ వేసి ఉన్నా అది కూలర్ కింద రాసే థర్మల్ పేస్టుకు అతుక్కుని కూలర్‌తోపాటు ఊడి వస్తుంది. వీలైతే సిస్టంని పది నిమిషాలు నడిపి వేడెక్కనిచ్చి, ఆపి, కూలర్‌ని అటూ ఇటూ కొద్దిగా మెలిపెడుతూ పేస్టు వదిలాక పైకెత్తండి. పిన్ను వంగితే సీసం తీసేసిన పెన్సిల్, అదే పుల్లలు వేసుకునే రకం, దాని గొట్టం మొన పిన్నుకు తొడిగి నెమ్మదిగా నిలబెట్టవచ్చు. వెనక్కీ ముందుకీ రెండు మూడుసార్లు వంచితే మాత్రం విరుగుతుంది.

ఇంకొకటి. పాత విండోస్ డ్రైవ్‌నే కొత్త బోర్డుకు తగిలించేటట్టయితే, బోర్డు మార్చకముందే రెండు పనులు చేసి ఉండాల్సింది: విండోస్ లైసెన్సుని మైక్రోసాఫ్ట్ ఖాతాకు జోడించడం, డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవడం. టీపీఎం మారగానే ఆ కీ అడుగుతుంది. లేకపోతే డేటా పోయినట్టే. పాత బోర్డు ఇంకా ఇంట్లోనే ఉంటే వెనక్కి పెట్టి ఇప్పుడైనా తీసుకోండి.

ప్రశ్న: డీటీపీ సిస్టంకి ఎం.2 ఎన్‌వీఎంఈ డ్రైవ్ వేయించాం. వేసిన రోజు నుంచి పదేళ్ల ఫైళ్లున్న హార్డ్ డిస్క్ కనిపించడం లేదు. డిస్క్ చెడగొట్టారా?
- ప్రెస్ నిర్వాహకుడు, అక్కయ్యపాలెం

జవాబు: డిస్క్ బాగానే ఉండి ఉంటుంది. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్ (కేబుల్ లేకుండా బోర్డు మీదే ఎస్‌ఎస్‌డీ బిగించే చోటు) వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు మూసుకుపోతాయి, రెండూ ఒకే లేన్లు పంచుకుంటాయి కాబట్టి. ఏ పోర్టు మూసుకుంటుందో బోర్డు మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. హార్డ్ డిస్క్ కేబుల్‌ని వేరే పోర్టుకు మార్చండి, వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే కేబుల్ మార్చి చూడండి. విండోస్ "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే మాత్రం నో అనండి.

పదేళ్ల ఫైళ్లు ఒకే డిస్క్‌లో ఉన్నాయన్న మాటే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. ఇంకో డిస్క్‌లోకి నకలు ఈ వారమే తీయండి.

ప్రశ్న: క్యాబినెట్ వెనకవైపు చెయ్యి తగిలితే జిల్లుమంటోంది. టెస్టర్ పెడితే వెలుగుతోంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినా అంతే.
- పాఠకురాలు, పెందుర్తి

జవాబు: ఎస్‌ఎంపీఎస్ కాదు, మీ ఎర్తింగ్ తెగింది. ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు లోపలికొచ్చే చోట ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటులోని అలజడిని ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ వైరు లేకపోతే రెండింటి మధ్య చిక్కిన బాడీ 230లో సగం, దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు స్వల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ నిజంగా ఫేజ్ లీకైనా మొదట ఇలాగే తెలుస్తుంది, అందుకే తేలిగ్గా తీసుకోవద్దు. పైగా ఇలాంటి సిస్టంకి టీవీ గానీ ప్రింటర్ గానీ ఆన్‌లో ఉండగా తగిలిస్తే ఆ వోల్టేజీ కేబుల్ గుండా పారి హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పోర్టులు కాలిపోతాయి.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో గోడ సాకెట్‌లో మూడు కొలతలు తీయించండి. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 చుట్టుపక్కల, ఫేజ్, ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. గోడ దగ్గర సరిగ్గా వచ్చిందంటే తప్పు ఎక్స్‌టెన్షన్ బోర్డుది. చవక బోర్డులకు మూడు రంధ్రాలుంటాయి, లోపల వైర్లు రెండే. గోడ దగ్గరే రాకపోతే ఎర్త్ గొయ్యి చూడాలి. ఎండాకాలంలో అందులో నీళ్లు పోయాలి, పాతదైతే ఉప్పు, బొగ్గు మళ్లీ నింపించాలి. "ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపేస్తాను, పోతుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే క్యాబినెట్ బాడీ మీదికి మొత్తం 230 వచ్చేస్తుంది.

ప్రశ్న: థర్మల్ పేస్టు ఎంత వేయాలి? ఇంటెల్ కూలర్ ఎంత నొక్కినా ఒక మూల లేచిపోతోంది.
- పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: నడిమధ్యలో కందిగింజంత. ప్రాసెసర్ పెద్దదైతే ఇంకొంచెం. వేలితో రాయకండి, కూలర్ బరువుకే పరుచుకుంటుంది. తక్కువైతేనే ముప్పు, కాస్త ఎక్కువైతే పక్కలకు కారుతుంది అంతే. కూలర్‌కున్న నాలుగు ప్లాస్టిక్ మేకుల తలల్ని ముందుగా బాణం గుర్తుకు ఎదురుగా తిప్పి మొదటి స్థానంలో ఉంచండి. నాలుగూ రంధ్రాల్లో నిటారుగా కూర్చున్నాక, ఎదురెదురు మూలలు జతగా నొక్కండి. ఒక్కొక్కటీ టక్కుమనాలి. బోర్డుని వెనక్కి తిప్పి చూస్తే తెల్ల కాళ్ల మధ్యలోంచి నల్ల ముల్లు నాలుగు చోట్లా బయటికి కనిపించాలి. ఒక మూల లేస్తోందంటే ఆ తెల్ల కాలు చీలిపోయో వంగిపోయో ఉంటుంది. మేకులు విడిగా దొరుకుతాయి, కూలర్ మొత్తం మార్చక్కర్లేదు.

ప్రశ్న: ఇక బాగుచేతలు చాలించి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చేద్దామనుకుంటున్నాం. ఒక దుకాణం ఐ5-12400, హెచ్610, డీడీఆర్4 అంటోంది. ఇంకొకటి రైజెన్ 5 7600, బీ650, డీడీఆర్5 అంటోంది. ఆఫీసు పని, పిల్లల చదువు, కొంచెం వీడియో ఎడిటింగ్. ఏది మేలు?
- చార్టర్డ్ అకౌంటెంట్, సీతమ్మధార

జవాబు: మీ దగ్గర ఇప్పుడున్న ర్యామ్ ఏదన్నదాని మీద ఉంటుంది. 2025 చివర నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇంట్లో 16 జీబీ డీడీఆర్4 కర్రలుంటే వాటిని వదులుకోవడం దండగ. 12400 తీసుకోండి, లేదా పాతది ఏఎం4 బోర్డు అయితే అందులోనే 5600 వేసి బోర్డు ఖర్చు కూడా తప్పించుకోండి. మీ పనికి రెండూ ఎక్కువే. హెచ్610 బోర్డుల్లో చాలావాటికి ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి, ఆ రెండూ నిండితే తర్వాత పెంచుకోవడానికి ఉన్నవి తీసేయాల్సిందే. కొటేషన్‌లో 12400 చివర ఎఫ్ అని ఉందేమో చూడండి. ఎఫ్ ఉంటే కాస్త చవక, కానీ లోపల గ్రాఫిక్స్ ఉండదు.

చేతిలో ఉన్నది డీడీఆర్3 అయితే ఎలాగూ ర్యామ్ కొత్తగా కొనాలి. అప్పుడు 7600 వైపు వెళ్లండి. ఐ5-12400 సాకెట్ 14వ తరంతో ఆగిపోయింది. ఏఎం5 సాకెట్‌ని 2027 దాటేవరకు నడుపుతామని ఏఎండీ చెప్పింది, అంటే నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. 7600లో చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంది, ఆఫీసు పనికి కార్డు అక్కర్లేదు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉంటుంది. చెడిపోయిందని స్విచ్ ఆపేస్తే ఆ తంతు మళ్లీ మొదటికొస్తుంది.

ఈ రెండు బోర్డుల్లోనూ పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, సాకెట్‌లోనే ఉంటాయి. డబ్బు కట్టకముందే దుకాణంలో సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయించి, సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా కొట్టి చూడండి. పిన్నులన్నీ ఒకే వరసలో మెరవాలి. ఎక్కడైనా ఒక్క చోట మెరుపు తప్పిందంటే ఆ బోర్డు వద్దనండి. వంగిన పిన్నుకు వారంటీ ఇవ్వరు. చూశాక అదే మూత వెనక్కి పెట్టించి, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ సీరియల్ నంబర్లు జీఎస్టీ బిల్లు మీద విడివిడిగా రాయించుకోండి. ఆ మూతని కూడా పారేయకండి, వారంటీకి బోర్డు పంపాల్సి వస్తే అది లేకుండా తీసుకోరు.